అనుభవం తక్కువ ఉన్న కోచ్‌కు జట్టును అప్పగించవచ్చా? ఏ క్లబ్బుకు ఎవరు సరిపోతారు

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త ప్రధాన కోచ్ పేరు ప్రకటించగానే అందరూ మొదట ఆరా తీసేది ఒక్కటే: ఇంతకుముందు ఎన్ని జట్లను నడిపాడు? ‘ఒక్కటి’ అనో ‘ఏదీ లేదు’ అనో జవాబు వస్తే సగం మంది పెదవి విరుస్తారు, వాలెన్సియాలో కోచ్‌గా విఫలమైన మాజీ ఆటగాడు గ్యారీ నెవిల్‌కు ఏమైందో గుర్తుచేస్తారు. మిగిలిన సగం మంది అలాగే వచ్చి నెగ్గిన గ్వార్డియోలాను, జిదాన్‌ను చూపిస్తారు. పేరుకు పేరు అడ్డం వేసుకుంటూ పోతే వాదన తెగదు. ఎందుకంటే రెండు పక్షాల దగ్గరా నిజమైన ఉదాహరణలే ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కోచ్‌కు అనుభవం ముఖ్యమే. కాని దాన్ని ఏళ్లలో కొలిస్తే ఏమీ తేలదు. ఆ ఏళ్లలో అతడు ఏ పని చేశాడు, మన క్లబ్బుకు ఇప్పుడు ఏ పని కావాలి, ఈ రెండూ ఎక్కడ కలుస్తున్నాయి అన్నది చూడాలి. అనుభవం తక్కువైనవాడిని తీసుకోవడం కొన్ని క్లబ్బులకు తెలివైన నిర్ణయం. మరికొన్ని క్లబ్బులు అదే పని చేస్తే ఆ కోచ్‌నూ, జట్టునూ కలిపి ముంచినట్టే.

హైదరాబాద్ అభిమానులకు ఇది పుస్తకాల్లో చదువుకోవలసిన సంగతి కాదు. 2019లో పుట్టి 2025లో ఢిల్లీకి తరలిపోయిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ కొద్ది ఏళ్లలోనే ఇంచుమించు అన్ని రకాల కోచ్‌లనూ చూసింది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో పనిచేసినవారు, పెద్ద ట్రోఫీ ఏదీ లేని స్పెయిన్ కోచ్, దేశవాళీ ఆటలో తలపండినవారు, రిజర్వ్ జట్టు నుంచి పైకి వచ్చినవారు, అందరూ వచ్చారు. ఫలితాలు ఎవరి అంచనాకూ అందలేదు. కాబట్టి ముందు కొలమానాలు పెట్టుకుని, తర్వాత ఒక్కో రకం కోచ్‌ను వాటి ముందు నిలబెట్టి చూద్దాం.

ముందు చూడవలసినవి

తుది నిర్ణయం తన మీద పడిన రోజులు ఉన్నాయా? గచ్చిబౌలిలో ఉక్కపోతగా ఉన్న ఒక సాయంత్రాన్ని ఊహించండి. 62వ నిమిషం, జట్టు 0-1తో వెనకబడి ఉంది. కుడి డిఫెండర్‌కు అప్పటికే పసుపు కార్డు పడింది. అది గమనించిన ఎదుటి వింగర్ పదే పదే అతడి వైపే వస్తున్నాడు. మన ఎడమ వింగర్ బంతి పోయిన ప్రతిసారీ నడుము మీద చేతులు వేసుకుని నిలబడిపోతున్నాడు. ఐదుగురిని మార్చుకునే వీలుంది, కాని విరామాన్ని మినహాయిస్తే ఆటను ఆపి మార్పులు చేసే అవకాశాలు మూడే. అందులో ఒకటి గాయం వల్ల అప్పటికే ఖర్చయింది. సహాయ కోచ్ మూడు సలహాలు ఇస్తాడు, మూడింటికీ తర్కం ఉంటుంది. ఒకటి ఎంచుకుని, రెండు వదిలేసి, అది బెడిసికొడితే మర్నాడు విలేకరుల ముందూ యజమాని ముందూ నిలబడవలసినవాడు ప్రధాన కోచ్. ఎంత గొప్ప కోచ్ పక్కన ఎన్నేళ్లు కూర్చున్నా ఈ పని చూసి నేర్చుకునేది కాదు. చిన్న జట్టుతోనైనా, కుర్రాళ్ల జట్టుతోనైనా ఒంటరిగా చేసి ఉండాలి.

వరుస ఓటములను దాటాడా? గెలుస్తున్న జట్టును నడపడం సులువని అనను గాని, కోచ్ అసలు రంగు తేలేది నాలుగో ఓటమి తర్వాత వచ్చే సోమవారం ఉదయం. పక్కన పెట్టిన సీనియర్ ఆటగాడు కళ్లు తిప్పుకుంటాడు. యజమాని ఫోను చేస్తాడు. అప్పుడు పద్ధతి మార్చాలా, నిలబడాలా? ఒకసారి ఆ స్థితిలో పడి లేచినవాడికి, మొదటిసారి పడుతున్నవాడికి తేడా చాలా ఉంటుంది.

నేర్పడం వచ్చా? అన్నిటికన్నా తక్కువగా చూసేదీ, నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేదీ ఇదే. దీన్ని తెలుసుకోవడానికి జీవిత వివరాల పత్రం అక్కర్లేదు, ఒక గంట ప్రాక్టీసు చూస్తే చాలు. మిడ్‌ఫీల్డర్ ఆలస్యంగా పాస్ ఇస్తే ఒక కోచ్ గీత బయట నుంచి ‘తొందరగా ఇవ్వు’ అని అరుస్తాడు. ఇంకో కోచ్ ఆట ఆపి లోపలికి వెళ్తాడు. బంతి రాకముందే ఒంటిని సగం తిప్పి నిలబడితే ఎదురుగా ఎవరు కనిపిస్తారో అతడి భుజం పట్టుకుని చూపిస్తాడు. బంతిని మళ్లీ అదే చోటు నుంచి వేయించి, అదే కదలికను నాలుగైదు సార్లు ఆడిస్తాడు. మొదటివాడికి ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా నా ఓటు రెండోవాడికే.

ఈ విషయంలో మన నగరానికి ఉన్న వారసత్వం చిన్నది కాదు. భారత ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే బంతి తన్నాలన్న నిబంధనతో పోటీలు పెట్టేవారు. ఆయన చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తాలో స్వర్ణాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మధ్యలో 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 1-10 ఓటమి కూడా ఆయన హయాంలోదే. ఆ ఓటమి తర్వాత కూడా ఆయనను కొనసాగించారు కాబట్టే మెల్‌బోర్న్, జకార్తా సాధ్యమయ్యాయి.

పక్కన ఎవరున్నారు? కోచ్ ఒక్కడినే తూకం వేయకండి, అతడి బృందాన్ని మొత్తంగా వేయండి. 2004లో జర్మనీ జట్టు పగ్గాలు అందుకునే నాటికి యుర్గెన్ క్లిన్స్‌మన్‌కు కోచింగ్ అనుభవమే లేదు. కాని పక్కన యోఆకిమ్ లోవ్ ఉన్నాడు. స్టుట్‌గార్ట్‌ను 1997లో జర్మన్ కప్ విజేతగా నిలిపినవాడు. 2006 ప్రపంచ కప్‌లో జర్మనీ మూడో స్థానం సాధించింది. ఒకరిలో లేనిది ఇంకొకరు పూడ్చారు.

క్లబ్బు నిలకడగా ఉందా? జీతాలు సమయానికి పడుతున్నాయా, ప్రాక్టీసుకు సరైన మైదానం ఉందా, కోచ్‌కు ఎంత గడువు ఇస్తారు? కోచ్‌ను పరీక్షించే ముందు క్లబ్బు తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలివి.

లైసెన్స్ సంగతి పెద్దగా చర్చించక్కర్లేదు. మన దేశపు అగ్ర లీగ్ ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రధాన కోచ్‌కు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఇచ్చే ప్రో లైసెన్స్ గాని, దానికి సమానమైనది గాని ఉండాలి. లేకపోతే మిగతా అర్హతల గురించి మాట్లాడుకోవడం వృథా. ఫ్రాన్స్‌లో రాంస్ క్లబ్ 2022లో విల్ స్టిల్ అనే 30 ఏళ్ల కోచ్‌ను ప్రో లైసెన్స్ లేకుండానే కొనసాగించి, మ్యాచ్‌కు 25 వేల యూరోల చొప్పున జరిమానా కట్టింది. అతడి కింద జట్టు లీగ్‌లో 17 మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది కాబట్టి ఆ ఖర్చు గిట్టుబాటైంది. అంత డబ్బు మన క్లబ్బులకు లేదు.

మొదటి రకం: గొప్ప ఆటగాడు, కోచ్‌గా కొత్త

పేరు చూసి జనం వస్తారు, స్పాన్సర్లు వస్తారు. మొదటి రోజు డ్రెస్సింగ్ రూంలోకి అడుగుపెట్టగానే అందరూ నిటారుగా కూర్చుంటారు. ఆ గౌరవం నిజమైనదే. కాని ఎంతకాలం నిలుస్తుంది?

గ్యారీ నెవిల్ 2015 డిసెంబరులో, సీజన్ మధ్యలో, స్పెయిన్ క్లబ్బు వాలెన్సియాకు వెళ్లాడు. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు సహాయ కోచ్‌గా చేశాడు తప్ప ఏ జట్టుకూ ప్రధాన కోచ్‌గా లేడు. కొత్త దేశం, రాని భాష. లీగ్‌లో 16 మ్యాచ్‌లలో మూడే గెలిచాడు. కప్ సెమీఫైనల్లో బార్సిలోనా చేతిలో 0-7తో ఓడాడు. నాలుగు నెలలు తిరక్కుండానే పంపించేశారు. ఫ్రాన్స్ మాజీ తార తియరీ ఆన్రీ కథ మొనాకోలో ఇంచుమించు ఇలాగే, 2018 అక్టోబరు నుంచి 2019 జనవరి దాకా మాత్రమే నడిచింది.

ఆంద్రియా పిర్లో ఉదాహరణ ఇంకా ఆలోచింపజేస్తుంది. యువెంటస్ 2020 జులై చివర్లో అతడిని అండర్-23 జట్టుకు కోచ్‌గా ప్రకటించింది. పది రోజులైనా కాకముందే, ఆ జట్టుతో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకముందే, ప్రధాన జట్టును అప్పగించింది. ఇటాలియన్ కప్, సూపర్ కప్ గెలిచాడు. కాని అంతకుముందు వరుసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు గెలిచిన జట్టు నాలుగో స్థానానికి జారింది. సీజన్ ముగియగానే తొలగించారు. పిర్లోకు ఫుట్‌బాల్ తెలియదని ఎవరూ అనలేరు. తప్పులు చేసి నేర్చుకోవలసిన సమయం అతడికి చిన్న జట్టు దగ్గర దొరకలేదు. ఆ తప్పులన్నీ పెద్ద జట్టు మీదే జరిగాయి.

దీనికి ఎదురు ఉదాహరణలూ గట్టివే. ఫ్రాంజ్ బెకెన్‌బావర్ 1984లో కోచింగ్ లైసెన్స్ లేకుండానే పశ్చిమ జర్మనీ పగ్గాలు పట్టాడు. 1986లో ఫైనల్ చేరాడు, 1990లో ప్రపంచ కప్ గెలిచాడు. కాకపోతే అది జాతీయ జట్టు. రోజువారీ శిక్షణ తక్కువ, మంచి ఆటగాళ్లు ఎక్కువ, లైసెన్స్ ఉన్న సహాయకులు పక్కనే ఉన్నారు. వారం వారం మ్యాచ్‌లు ఆడే క్లబ్బుకు ఇది నకలు చేసుకునే నమూనా కాదు.

మన నగరం నుంచి సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ ఇద్దరూ భారత జట్టుకు ఆడి, తర్వాత కోచ్‌లుగా రాణించారు. నయీముద్దీన్‌కు ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. షబ్బీర్ అలీ శిక్షణలో సాల్గావ్‌కర్ 1998-99 జాతీయ లీగ్ గెలిచింది. కాబట్టి గొప్ప ఆటగాడు మంచి కోచ్ కాలేడనే మాటను నేను ఒప్పుకోను. ఆడిన పేరు ఒక్కటే చూసి జట్టు అప్పగించడాన్నే వద్దంటున్నాను.

రెండో రకం: రిజర్వ్ లేదా కుర్రాళ్ల జట్టు నుంచి వచ్చినవాడు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అనుభవం తక్కువ ఉన్నవారిలో నేను ముందు చూసేది ఈ రకాన్నే.

పెప్ గ్వార్డియోలా గురించి మాట్లాడేటప్పుడు ‘ఏ అనుభవమూ లేకుండా బార్సిలోనాకు వచ్చాడు’ అంటుంటారు. అది సగం నిజం. 2007-08లో బార్సిలోనా బి జట్టును నాలుగో స్థాయి లీగ్‌లో నడిపాడు, గెలిపించి పై స్థాయికి చేర్చాడు. ఏడాదే, కాని పూర్తి ఏడాది. చిన్న మైదానాల్లో, మొరటు ప్రత్యర్థుల మీద, తుది నిర్ణయాలన్నీ తనే తీసుకున్న ఏడాది. పైగా బార్సిలోనాలో బి జట్టు ఆడే ఆటా, ప్రధాన జట్టు ఆడే ఆటా ఒకే మూసలోవి. 2008లో ప్రధాన జట్టుకు వచ్చాక మొదటి లీగ్ మ్యాచ్‌లో నుమాన్సియా చేతిలో ఓడాడు, రెండోది డ్రా అయింది. క్లబ్బు కంగారు పడలేదు. ఆ సీజన్ లీగ్, కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచారు.

జిదాన్‌ది కొంచెం వేరు. కార్లో ఆన్చెలోటి పక్కన ఒక సీజన్ సహాయకుడిగా, తర్వాత రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్తియాకు కోచ్‌గా చేశాడు. ఆ జట్టును పై డివిజన్‌కు చేర్చలేకపోయాడు కూడా. అయినా 2016 జనవరిలో ప్రధాన జట్టు చేతికొచ్చాక వరుసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. తారల మధ్య సయోధ్య కుదర్చగలిగిన మనిషి రియల్‌కు అప్పుడు కావాలి, జిదాన్ అందుకు సరిగ్గా అతికాడు. పాయింట్ల కోసం పోరాడే చిన్న క్లబ్బుకు వెళ్లి ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఊహించడం కష్టం.

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి షాబి అలోన్సోది. ఆటగాడిగా ప్రపంచ కప్ గెలిచినవాడు. పెద్ద క్లబ్బుల వైపు పరుగెత్తకుండా రియల్ సోసియెదాద్ బి జట్టుతో మూడు సీజన్లు గడిపాడు. 2021లో ఆ జట్టును స్పెయిన్ రెండో డివిజన్‌కు తీసుకెళ్లాడు. మరుసటి ఏడాదే జట్టు మళ్లీ కిందికి పడిపోయింది. పైకి ఎక్కడం, కిందికి పడటం రెండూ ఒకే చోట చూశాడు. 2022 అక్టోబరులో లెవర్‌కూజెన్ అతడిని పిలిచే నాటికి ఆ జట్టు జర్మన్ లీగ్‌లో చివరి నుంచి రెండో స్థానంలో ఉంది. 2023-24లో 34 లీగ్ మ్యాచ్‌లలో 28 గెలుపులు, 6 డ్రాలు, ఒక్క ఓటమీ లేకుండా చాంపియన్ అయింది. కాగితం మీద చూస్తే లెవర్‌కూజెన్ కూడా అనుభవం లేని కోచ్‌నే తీసుకుంది. నిజానికి ఆ క్లబ్బుకు దొరికింది ఓటమిని దగ్గర నుంచి చూసిన కోచ్.

యూలియన్ నాగెల్స్‌మన్ పెద్ద ఆటగాడు కానే కాదు, గాయాల వల్ల ఇరవయ్యో ఏటనే ఆట ఆగిపోయింది. కుర్రాళ్ల జట్లతో ఏళ్లు గడిపాడు. 2014లో జర్మన్ క్లబ్బు హోఫెన్‌హైమ్ అండర్-19 జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. 2016 ఫిబ్రవరిలో 28 ఏళ్ల వయసులో ప్రధాన జట్టు చేతికొచ్చింది. ఆ సీజన్ దిగువ డివిజన్‌కు పడిపోకుండా కాపాడాడు, తర్వాతి సీజన్ నాలుగో స్థానం తెచ్చాడు. వయసును చూసి ‘కుర్రాడు’ అన్నారు గాని, కోచింగ్ పనిలో అతడు చాలామంది మాజీ తారలకన్నా సీనియర్.

ఈ దారిలో ప్రమాదం లేదని కాదు. రిజర్వ్ జట్టులో కుర్రాళ్లు చెప్పినట్టు వింటారు, ముప్పై మూడేళ్ల విదేశీ ఫార్వర్డ్ వినడు. హైదరాబాద్ ఎఫ్‌సీలోనూ 2024 డిసెంబరులో రిజర్వ్ జట్టు కోచ్ షమీల్ చెంబకత్‌కు ప్రధాన జట్టు అప్పగించారు. సీజన్ మధ్యలో, అప్పటికే కుంగిపోయిన జట్టుతో. 13 జట్లలో 12వ స్థానంతో ముగిసింది. దాన్నిబట్టి అతడి సామర్థ్యాన్ని తేల్చేయడం అన్యాయమని నా నమ్మకం.

మూడో రకం: ఏళ్ల తరబడి సహాయ కోచ్

మికెల్ ఆర్టెటా గ్వార్డియోలా పక్కన మూడున్నరేళ్లు పనిచేసి 2019 డిసెంబరులో ఆర్సెనల్‌కు వచ్చాడు. తొలి సీజన్లోనే ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. కాని లీగ్‌లో వరుసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. 2021-22 సీజన్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఒక్క గోల్ చేయకుండా ఓడి పట్టికలో అట్టడుగున నిలిచింది. చాలా క్లబ్బులు అక్కడితో ఆపేసేవి. ఆర్సెనల్ ఓపిక పట్టింది. 2022-23 నుంచి వరుసగా మూడు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. సహాయ కోచ్‌ను తీసుకునేవారు గ్రహించవలసింది ఇదే: అతడికి పద్ధతి తెలుసు, ఒంటరిగా నిర్ణయించడం తెలియదు. అది అలవడే వరకు గడువు ఇవ్వగలరా?

లియోనెల్ స్కలోని 2018లో అర్జెంటీనాకు తాత్కాలిక కోచ్‌గా వచ్చినప్పుడు ఏ సీనియర్ జట్టునూ నడిపి ఉండలేదు. అర్జెంటీనా మాజీ ఆటగాళ్లు ఐమార్, అయాలా, వాల్టర్ శామ్యూల్ అతడి బృందంలో ఉన్నారు. 2021 కోపా అమెరికా, 2022 ప్రపంచ కప్ రెండూ గెలిచారు.

నాలుగో రకం: చిన్న చోట్ల ఎక్కువ పని చేసినవాడు

పేరు లేదు, ట్రోఫీ లేదు, పని మాత్రం బోలెడు చేశాడు. అభిమానులను సంతోషపెట్టని ఎంపిక ఇదే. నా దృష్టిలో మన దేశపు క్లబ్బులకు అన్నిటికన్నా సరిపోయేదీ ఇదే.

మనోలో మార్కెజ్ 2020 ఆగస్టు చివర్లో హైదరాబాద్‌కు వచ్చినప్పుడు చాలామందికి అతడి పేరే తెలియదు. స్పెయిన్ దిగువ డివిజన్లలో ఏళ్ల పని, అక్కడి అగ్ర లీగ్ లాలిగాలో లాస్ పాల్మాస్‌తో కొద్ది వారాలు, తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్. కాని తక్కువ వనరులతో కుర్రాళ్లను తీర్చిదిద్దడం అతడు జీవితమంతా చేసిన పని, మన క్లబ్బుకు అప్పుడు కావలసిందీ అదే. అంతకుముందు సీజన్ అట్టడుగున ముగించిన జట్టు ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులతో ఐదో స్థానానికి వచ్చింది. మరుసటి సీజన్, 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ గోల్ చేసింది. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమని మూడు షాట్లు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. బెంచీ మీద ఉన్నవాడిని ఫైనల్లో నమ్మి దించడం, అతడు అందుకు సిద్ధంగా ఉండటం, రెండూ నెలల తరబడి ప్రాక్టీసులో జరిగే పని.

అదే మనోలో 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. ఇదే గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లలో ఒకే గెలుపు. అతడు సంపాదించిన అనుభవం రోజూ ఆటగాళ్లతో గడిపి తీర్చిదిద్దే పనిలోది. జాతీయ జట్టులో ఆ రోజులే దొరకవు. అదే సమయంలో ఎఫ్‌సీ గోవాతో 2025 సూపర్ కప్ గెలిచాడు. ఒకే మనిషి, ఒకే కాలం, పని మారేసరికి ఫలితం మారింది.

ఖాలిద్ జమీల్ కూడా ఈ కోవలోనివాడే. 2009లో ఆట మానగానే ముంబై ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు, తక్కువ డబ్బుతో నడిచే ఆ క్లబ్బులో ఏడేళ్లు ఉన్నాడు. 2016-17లో మిజోరం క్లబ్బు ఐజాల్‌ను జాతీయ స్థాయి పోటీ ఐ-లీగ్‌లో విజేతగా నిలిపాడు. 2025 ఆగస్టులో భారత జట్టు పగ్గాలు అందుకున్నాడు. 2009లో ముంబై ఎఫ్‌సీ యాజమాన్యం ‘అనుభవం లేదు’ అని వెనకాడి ఉంటే ఈ వరుస మొదలయ్యేదే కాదు.

ఐదో రకం: పెద్ద లీగ్‌లలో పేరున్న సీనియర్

క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి కోచ్ ఫిల్ బ్రౌన్ 2008లో హల్ సిటీని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు చేర్చినవారు. ఇక్కడ 2020 జనవరికే తప్పుకోవలసి వచ్చింది, జట్టు ఆ సీజన్ చివరి స్థానంలో ముగిసింది. దానికి కొత్త క్లబ్బు, గాయాలు కూడా కారణమే. మరోవైపు క్లాడియో రనియెరి 64 ఏళ్ల వయసులో లెస్టర్‌ను 2016లో ఇంగ్లండ్ విజేతగా నిలిపాడు. అనుభవం బలమే, అయితే అది మన వాతావరణానికి, మన ఆటగాళ్లకు, మన మైదానాలకు అనువదించగలిగేదిగా ఉండాలి.

| కోచ్ రకం | ఒంటరి నిర్ణయాలు | నేర్పే పని | ఓటమిని తట్టుకోవడం | క్లబ్బు ఇవ్వవలసింది | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|---|
| గొప్ప ఆటగాడు, కొత్త కోచ్ | తెలియదు | తెలియదు | ఇంకా పరీక్ష ఎదురవలేదు | అనుభవమున్న సహాయకుడు, పూర్తి సీజన్ | డబ్బు, బలమైన జట్టు రెండూ ఉన్న క్లబ్బు |
| రిజర్వ్ జట్టు నుంచి | ఉంది, చిన్న స్థాయిలో | సాధారణంగా బలం | కొంత | సీనియర్ ఆటగాళ్ల ముందు అండ | సొంత అకాడమీ, ఒకే ఆట పద్ధతి ఉన్న క్లబ్బు |
| సహాయ కోచ్ | తక్కువ | బలం | తక్కువ | రెండు సీజన్ల ఓపిక | నిలకడైన యాజమాన్యం |
| చిన్న చోట్ల పని చేసినవాడు | ఎక్కువ | బలం | ఎక్కువ | అభిమానుల పెదవి విరుపును ఓర్చుకోవడం | పరిమిత వనరుల క్లబ్బు |
| పేరున్న సీనియర్ | ఎక్కువ | మనిషిని బట్టి | ఎక్కువ | పెద్ద జీతం, అతడు కోరిన ఆటగాళ్లు | తక్షణ ఫలితం కావలసిన క్లబ్బు |

మీరు క్లబ్బు నడిపేవారైతే

సీజన్ మొదలయ్యే ముందు ఎంచుకుంటున్నారా, మధ్యలోనా అన్నది మొదటి ప్రశ్న. ప్రీ-సీజన్ ఆరు వారాలు చేతిలో ఉంటే రిజర్వ్ జట్టు కోచ్‌కో, సహాయ కోచ్‌కో ధైర్యంగా అవకాశం ఇవ్వండి. మధ్యలో, పట్టిక అడుగున ఉన్నప్పుడు మొదటిసారి ప్రధాన కోచ్ అవుతున్నవాడిని తేవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నాగెల్స్‌మన్ వంటివాడు గట్టెక్కించాడు నిజమే, అతడు ఆ క్లబ్బు కుర్రాళ్లను ముందు నుంచీ ఎరిగినవాడు.

రెండోది ఇంకా ముఖ్యం. క్లబ్బే ఊగిసలాడుతుంటే అనుభవం కూడా కాపాడదు. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఆ జట్టును చూసుకున్న థాంగ్‌బోయ్ సింగ్టోకు భారత ఫుట్‌బాల్‌లో ఏళ్ల అనుభవం ఉంది, మనోలో బృందంలోనూ పనిచేశారు. 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో చివరన నిలిచారు. ఆ పరిస్థితుల్లో కుర్రాళ్లతో సీజన్ పూర్తి చేయడమే ఆయన సాధించిన పని అంటాను. కోచ్ వేటకు ముందు జీతాల సంగతి తేల్చండి.

ముఖాముఖిలో ‘మీ ఆట పద్ధతి ఏమిటి’ అని అడగకండి, అందరికీ బట్టీ పట్టిన జవాబు ఉంటుంది. మీ మైదానంలో మీ ఆటగాళ్లతో ఒక ప్రాక్టీసు చేయించి చూడండి. తను ఓడిన ఒక మ్యాచ్ వీడియో వేసి, ఎక్కడ తప్పు జరిగిందో చెప్పమనండి. తప్పంతా ఆటగాళ్ల మీదికి నెట్టేవాడికి నమస్కారం పెట్టి పంపించండి.

మీరు అభిమాని అయితే

కొత్త కోచ్‌ను మొదటి ఐదు మ్యాచ్‌ల పాయింట్లతో తూచకండి. రెండు సంగతులు చూడండి. మొదటిది, జట్టు గోల్ తినే తీరు మారుతోందా, ప్రతి వారం అదే కార్నర్ దగ్గర అదే తప్పు జరుగుతోందా? రెండోది, బెంచీ మీద నుంచి వచ్చినవాడికి తన పని తెలిసినట్టు కనిపిస్తోందా? ఈ రెండూ బాగుపడుతుంటే ఓటములున్నా ఓపిక పట్టండి. ఆర్టెటా తొలి రోజుల ఆర్సెనల్‌లో పాయింట్లకన్నా ముందు బాగుపడినవి ఇలాంటివే.

మీరే యువ కోచ్ అయితే

బార్కస్‌లోనో, అజీజ్‌నగర్ వైపు అకాడమీలలోనో కుర్రాళ్లకు నేర్పుతున్నవారు మన నగరంలో చాలామంది ఉన్నారు. వారికి ఏదో ఒక రోజు రెండు పిలుపులు ఒకేసారి రావచ్చు: పెద్ద క్లబ్బులో సహాయ కోచ్ పదవి, చిన్న జట్టుకు ప్రధాన కోచ్ పదవి. జీతంలో తేడా మరీ ఎక్కువ కాకపోతే, ఒక్క సీజన్‌కైనా సరే, చిన్న జట్టునే తీసుకోండి. పెద్ద కోచ్ పక్కన నిలబడే అవకాశం తర్వాతా వస్తుంది. మీ నిర్ణయానికి మీరే బాధ్యులయ్యే అవకాశం అంత సులువుగా రాదు.

సంతకం పెట్టే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: సహాయకులను ఎవరు ఎంచుకుంటారు, తుది పదకొండు మందిలో యాజమాన్యం జోక్యం ఉంటుందా, మధ్యలో తొలగిస్తే మిగిలిన జీతం ఏమవుతుంది. అంతకుముందు అక్కడ ఆడుతున్న ఒకరిద్దరు ఆటగాళ్లను విడిగా కలిసి, జీతాలు ఏ తేదీన పడుతున్నాయో కనుక్కోండి.

లైసెన్స్ కోర్సులను వాయిదా వేయకండి. డి నుంచి సి, బి, ఎ దాటి ప్రో దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య కోచ్‌గా పనిచేసిన కాలం చూపించాలి, సీట్లు తక్కువ, ఫీజు ఎక్కువ. ఏ స్థాయిలో ఉన్నా తర్వాతి కోర్సుకు ఈ ఏడాదే దరఖాస్తు పెట్టండి. మీరు నడిపిన ప్రతి ప్రాక్టీసుకూ తేదీ, చేయించిన కసరత్తు, కుదిరినది, కుదరనిది ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకోండి. రేపు ఎవరైనా ‘మీ అనుభవం ఎంత’ అని అడిగితే ఆ పుస్తకాన్నే వారి ముందు పెట్టవచ్చు.